పాత గుర్రాలకు కొత్త కళ్లెం

యాభై ఏళ్లు దాటిన అమెరికన్ ఓపెన్‌టాప్ కార్లకు దేశం తలుపులు తెరుచుకున్నాయి. ఉన్నదున్నట్టు బాగుచేసుకుంటే సరే, సోకులు మార్చబోతే చట్టం ఊరుకోదు. కార్ల మోజుకు పెట్టింది పేరైన సూరత్‌లో ఈ లెక్క ఎలా తేలుతుంది?

ఆదివారం సాయంత్రం సూరత్ సిరిని చూడాలంటే డూమస్ రోడ్డు మీద నిలబడితే చాలు. గౌరవ్ పథ్ అని పిలిచే ఆ వెడల్పాటి దారిలో సముద్రం వైపు సాగిపోయే కార్లలో జర్మన్ సెడాన్లు, బ్రిటిష్ ఎస్‌యూవీలు, అప్పుడప్పుడూ చెవులు చిల్లులు పడేలా గర్జించే ఇటాలియన్ స్పోర్ట్స్ కార్లు ఉంటాయి. తెలుగువారికి సూరత్ అనగానే గుర్తొచ్చేది చీరలు. తెలంగాణ జిల్లాల నుంచి వలసవెళ్లిన పద్మశాలీలు అక్కడి మరమగ్గాల మధ్య తమకంటూ ఒక లోకాన్ని కట్టుకున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంతగా అక్కడ వేళ్లూనుకున్నారు. కానీ ఆ ఊరికి చీరలు, వజ్రాల తర్వాత మూడో వ్యసనం కార్లే. వజ్రాల వ్యాపారి సావ్‌జీ ఢోలాకియా 2014 దీపావళికి తన ఉద్యోగులకు 491 కార్లు పంచిపెట్టి దేశాన్ని నోరెళ్లబెట్టేలా చేశారు. 2016లో ఆ సంఖ్య 1,260కి చేరింది. కారు ఇక్కడ బోనస్ కింద కూడా లెక్కే.

ఇంత మోజున్నా ఆ దారిలో దాదాపు కనిపించనిది ఒకటుంది. 1960ల నాటి అమెరికన్ మజిల్ కారు. అందులోనూ టాపు మడిచి వెనక్కి తోసేసే కన్వర్టిబుల్. డబ్బు లేక కాదు, దారి లేక. ఆ దారి ఇప్పుడు తెరుచుకుంది గానీ, గేటు దగ్గర కాపలా గట్టిగానే ఉంది.

అసలు మజిల్ కారు పుట్టుకే ఒక నిబంధనను దాటేయడంతో మొదలైంది. మధ్యతరహా కార్లలో 330 ఘనపు అంగుళాలకు, అంటే సుమారు 5.4 లీటర్లకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ తన విభాగాలకు హద్దు గీసింది. పాంటియాక్ విభాగంలోని ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం ఆ గీతను తెలివిగా దాటింది. 1964లో టెంపెస్ట్ లెమాన్స్ అనే సాదాసీదా కారులో 6.4 లీటర్ల వీ8 ఇంజన్‌ను అమర్చి, దాన్ని కొత్త మోడల్‌గా కాక కొనేవారు కోరుకుంటే ఇచ్చే అదనపు హంగుగా చూపింది. దాని పేరే జీటీఓ. 325 అశ్వశక్తి. అయిదు వేలు అమ్ముడైతే గొప్పనుకున్నది తొలి ఏడాదే 32,450 దాకా వెళ్లింది. వాటిలో కన్వర్టిబుళ్లు 6,644. అదే ఏడాది మన రోడ్ల మీద రారాజు అంబాసిడర్. దాని ఇంజన్ లీటరున్నర.

దాంతో మిగతా కంపెనీలూ బరిలోకి దిగాయి. 1964 ఏప్రిల్‌లోనే వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్, 1967 మోడల్‌గా షెవర్లే కమారో, క్రైస్లర్ వారి ప్లిమత్, డాడ్జ్ కార్లు. ఈ జోరు పదేళ్లు కూడా నిలవలేదు. 1970 నాటి వాయు కాలుష్య చట్టం, బీమా కంపెనీల వడ్డింపులు, 1973 చమురు సంక్షోభం కలిసి గుర్రాల కాళ్లు విరగ్గొట్టాయి.

భారత్‌కు సంబంధించినంత వరకు ఈ కథలో విచిత్రమేమిటంటే, ఆ పదేళ్లూ మన తలుపులు బిగించే ఉన్నాయి. 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించిన జనరల్ మోటార్స్ 1954లో దుకాణం కట్టేసింది. ఫోర్డ్ కూడా ఆ రోజుల్లోనే వెళ్లిపోయింది. ఆ తర్వాత దిగుమతుల మీద ఆంక్షలు. విదేశీ దౌత్యవేత్తలు తెచ్చుకున్న కార్లు ప్రభుత్వ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా చేతులు మారితే తప్ప మామూలు డబ్బున్నవాడికి అందేవి కావు. మన సినిమాల్లో ధనవంతుడి గుర్తుగా ఇంపాలా అన్న మాట స్థిరపడిపోవడానికి కారణం ఆ కరవే. అందుకే గుజరాత్ సంస్థానాల గ్యారేజీల్లో 1930ల, 40ల నాటి ప్యాకార్డ్‌లు, బ్యూక్‌లు, క్యాడిలాక్‌లు కనిపిస్తాయి గానీ మజిల్ కార్లు అరుదు. గోండల్ రాజవంశీకుల సేకరణలో ఒక కమారో ఉండటం మినహాయింపు కిందే లెక్క. అహ్మదాబాద్ శివార్లలోని కఠ్‌వాడాలో ప్రాణ్‌లాల్ భోగీలాల్ కూడబెట్టిన వందకు పైగా కార్ల మ్యూజియం కూడా ప్రధానంగా అంతకు ముందు తరానిదే.

ముసలిదీ కాదు, పడుచుదీ కాదు

తర్వాతి రోజుల్లో దిగుమతి నిబంధనలు సడలినా మజిల్ కారుకు మాత్రం చోటు దొరకలేదు. 1950కి ముందు తయారైన పాత కార్లను తెచ్చుకోవచ్చు. సరికొత్తవి సుంకం కట్టి తెచ్చుకోవచ్చు. 1964 జీటీఓ ఈ రెండింటికీ చెందదు. చట్టం దృష్టిలో అది పురాతన వస్తువు కాదు, కొత్త కారూ కాదు, ఉత్త సెకండ్‌హ్యాండ్ బండి. 2016లో ఫోర్డ్ అధికారికంగా మస్టాంగ్‌ను భారత మార్కెట్లోకి దించినప్పుడు కూడా వచ్చింది కొత్త తరం కారు, అదీ పైకప్పున్నదే. ధర 65 లక్షల రూపాయలు.

ముడి విడింది 2025 ఫిబ్రవరిలో. యాభై ఏళ్లు దాటిన కార్లను దిగుమతి చేసుకోవచ్చని కేంద్రం నిబంధన మార్చింది. దాంతో మజిల్ కార్ల యుగమంతా ఒక్కసారిగా పరిధిలోకి వచ్చేసింది. కారు ధర మీద సుంకాలు, పన్నులు కలిపితే అసలు కంటే కొసరే ఎక్కువవుతుందన్నది వేరే సంగతి. ఆ లెక్కలకు జంకే ఊరు కాదు సూరత్. పైగా అమెరికా దానికి పెరటి దొడ్డి లాంటిది. అమెరికా మోటళ్ల వ్యాపారంలో గుజరాతీలకు తొలి దారి వేసిన కాంజీభాయ్ దేశాయ్ వెళ్లింది ఈ జిల్లా నుంచే. సానబట్టిన వజ్రాలకు అతిపెద్ద కొనుగోలుదారు కూడా అమెరికాయే. మన ప్రభుత్వం పాత అమెరికన్ కార్లకు తలుపు తీసిన ఏడాదే, ఆగస్టులో, అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచి సూరత్ వజ్రాల బజారును కుదిపేసింది. కార్ల ముచ్చటను వాయిదా వేసుకోవడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

టాపు లేని కారుకు నేలే ప్రాణం

కారు రేవులో దిగింది, సుంకం కట్టారనుకుందాం. అసలు పని అక్కడ మొదలవుతుంది. కన్వర్టిబుల్ పునరుద్ధరణ మామూలు కారు బాగుచేయడం లాంటిది కాదు. పైకప్పున్న కారు అగ్గిపెట్టె లాంటిది, నాలుగు పక్కలా పట్టు ఉంటుంది. కప్పు తీసేస్తే అది మూత లేని అట్టపెట్టె. మూల పట్టుకుని ఎత్తితే మెలి తిరుగుతుంది. అందుకే కంపెనీలు ఆ బలాన్ని కిందికి దించాయి. మస్టాంగ్‌కు విడిగా ఛాసిస్ లేదు. కన్వర్టిబుల్‌లో తలుపుల కింద ఉండే పెట్టె దూలాలను లోపల అదనపు రేకుతో మందం చేశారు, నేల కింద, సీట్ల కింద బలమైన పలకలు అతికించారు. జీటీఓకు విడి ఛాసిస్ ఉన్నా, కన్వర్టిబుల్‌కు దాని పక్క దూలాలను మూసిన పెట్టెలా చేశారు.

తుప్పు సరిగ్గా అక్కడే కాపురం పెడుతుంది. మడిచిన టాపు గుండా కారిన నీళ్లు, ముందు అద్దం కింది గాలి గూట్లోంచి దిగిన నీళ్లు చివరికి చేరేది ఆ నేలకే. పైన పెయింటు నిగనిగలాడుతుంటుంది, కింద రేకు అప్పడంలా విరుగుతుంది. మన షెడ్లలో ఇలాంటి చోట పుట్టీ పెట్టి రుద్దేసే అలవాటు ఉంది. మామూలు కారులో అది మోసం. కన్వర్టిబుల్‌లో ప్రాణాల మీదికి తెచ్చే మోసం.

తెలిసిన పనివాడు కుళ్లిన నేలను కోసే ముందు చేసే మొదటి పని తలుపుల సందుల్లో అడ్డంగా ఇనుప పైపులు వెల్డింగ్ చేయడం. అది చేయకుండా నేల కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. కొత్త రేకు అతికించాక చూస్తే తలుపు మూసుకోదు. ఆ అర అంగుళం తేడాను ఏ టింకరింగూ సరిచేయలేదు, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పూర్తి పునరుద్ధరణకు వెయ్యి గంటలకు మించి పని పట్టడం మామూలే. అందులో సింహభాగం ఇలా ఎవరి కంటికీ కనిపించని చోటే ఖర్చవుతుంది.

సూరత్ వాతావరణం కూడా ఈ కార్లకు పరమ శత్రువు. సముద్రపు ఉప్పు గాలి, నాలుగు నెలల వాన. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగినప్పుడు నీళ్లలో నానిన కార్లెన్నో. తడి ఆరని గ్యారేజీలో పెట్టిన కన్వర్టిబుల్ టాపుకు బూజు పట్టడానికి ఒక వానాకాలం చాలు.

ఇక ఆ టాపు. దేశానికి పాలిస్టర్ చీరలు నేసిపెట్టే ఊళ్లో కారు టాపుకు గుడ్డ దొరకదా అన్న ప్రశ్న సహజమే. అది ఉత్త గుడ్డ కాదు. చౌకరకమైతే రెగ్జిన్ లాంటి వినైల్. ఖరీదైనదైతే పైన యాక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు పొర, కింద మరో నేత, మూడూ ఒకటిగా అతికినది. అమెరికాలో ఈ గుడ్డకు పేరుమోసిన హార్ట్జ్ కంపెనీ ఉన్నది మసాచుసెట్స్‌లో. టాపు ఎత్తి దించే మోటారు, నూనె పంపు, కడ్డీల చట్రం, వెనక కిటికీ అన్నీ కిట్ రూపంలో వస్తాయి. మస్టాంగ్ కొన్నవాడు అదృష్టవంతుడు, ఆ కారుకు మేకు దగ్గర్నుంచి తలుపు దాకా కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. డైనాకార్న్ అనే అమెరికన్ కంపెనీ ఏకంగా మస్టాంగ్, కమారోల పూర్తి బాడీలనే కొత్త ఉక్కుతో పోతపోసినట్టు దించుతోంది. తక్కువగా అమ్ముడైన మోడల్ కొన్నవాడికి మాత్రం ఒక్క బీడింగు ముక్క కోసం ఏడాది ఎదురుచూపే.

సోకు చేస్తే శిక్ష

అమెరికాలో ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్ ఉన్నదున్నట్టు బాగుచేయడం కాదు. బయట 1960ల సొగసు, లోపల నేటి యంత్రం. కంప్యూటర్‌తో నడిచే ఇంజన్, ఆరు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ఏసీ. దాన్ని రెస్టోమాడ్ అంటారు. సూరత్‌లో డబ్బున్న కుర్రాడికి నచ్చేది కూడా ఇదే అయ్యుంటుంది. కానీ చట్టం సరిగ్గా ఇక్కడే కళ్లెం బిగిస్తుంది.

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి. అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో మార్పులు చేసి ఉండకూడదు. రాష్ట్ర స్థాయి కమిటీ పరిశీలించి ఒప్పుకుంటేనే రిజిస్ట్రేషన్. దానికి 20 వేల రూపాయల రుసుము, పదేళ్ల గడువు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. అంటే పాత ఇంజన్ పీకి కొత్తది పెట్టిన మస్టాంగ్‌కు ఈ గౌరవం దక్కదు. మామూలు కారుగా రిజిస్టర్ చేద్దామంటే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కేరళ హైకోర్టు ఇచ్చిన సడలింపును కొట్టేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం ఇలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఈ కఠినత్వానికి కారణం లేకపోలేదు. మన దేశంలో కన్వర్టిబుల్ చేయించడమంటే చాలాచోట్ల అర్థం గ్యాస్ కట్టర్‌తో కాంటెస్సా కప్పు కోసేయడం. పెళ్లి ఊరేగింపులో పెళ్లికొడుకు నిలబడి చేయి ఊపడానికి అది చాలు. కానీ కింద దూలాల బలం పెంచకుండా కప్పు కోసిన కారు గుంతలో పడినప్పుడల్లా నడుము విరుచుకుంటుంది. 1984 నుంచి 2002 దాకా తయారైన కాంటెస్సాను మన మజిల్ కారు అని ముద్దుగా పిలుచుకునేవాళ్లకు ఇది చేదు మాటే. బ్రిటిష్ వాక్సాల్ విక్టర్ నమూనాకు దిగిన ఆ కారుకు కప్పే సగం బలం.

అయితే ఒకే కర్రతో అందర్నీ తోలడం వల్ల ఒక సబబైన కోరిక కూడా దెబ్బతింటోంది. 1964 జీటీఓకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, డబ్బిచ్చినా డిస్కులు దొరికేవి కావు. టన్నున్నర దాటిన బరువును 325 గుర్రాలు లాగుతుంటే, సూరత్ కూడలిలో అడ్డొచ్చిన ఆటో ముందు దాన్ని ఆపాల్సింది తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములు. ముందు చక్రాలకైనా డిస్కులు వేయించుకోవడం సోకు కాదు, జాగ్రత్త. 2021 నిబంధన పేరుపెట్టి నిషేధించిన మూడింటిలో బ్రేకులు లేవు. అలాగని అనుమతిస్తున్నామనీ చెప్పలేదు. కమిటీ ఎలా చూస్తే అలా. ఈ ఒక్క విషయంలోనైనా ప్రభుత్వం స్పష్టత ఇవ్వకపోతే నష్టపోయేది కారు యజమాని ఒక్కడే కాదు, ఎదురుగా వచ్చే స్కూటరు మీది మనిషి కూడా. ఎడమవైపు స్టీరింగ్ ఇంతకంటే నయం. సిగ్నల్ దీపాల ఏర్పాటు సరిగ్గా ఉంటే దాన్ని చట్టమే ఒప్పుకుంటుంది.

కళ్లెం లేని చోటు కావాలంటే హైదరాబాద్‌లో బహదూర్‌పురా వెళ్లాలి. అక్కడ కన్యాబోయిన సుధాకర్ తన సుధా కార్స్ మ్యూజియంలో బూటు, క్రికెట్ బ్యాటు, బర్గర్ ఆకారాల్లో కార్లు చేసి పెట్టారు. 2005లో భారీ మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్ రికార్డుకెక్కిన ఆయన పనితనానికి ఆర్‌సీ బెడద లేదు, ఎందుకంటే అవి ప్రదర్శన వస్తువులు.

ట్యాంకులో మరో తంటా

రిజిస్ట్రేషన్ గండం గడిచాక పెట్రోలు బంకు దగ్గర ఇంకో గండం. జీటీఓ ఇంజన్ సంపీడన నిష్పత్తి 10.75. అప్పటి అమెరికన్ ప్రీమియం పెట్రోలు ఆక్టేన్ వందకు దగ్గర్లో ఉండేది. మన బంకుల్లో మామూలు పెట్రోలు అంతకన్నా తక్కువ. అది పోస్తే ఎక్కుడు దారిలో ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం. నూరు ఆక్టేన్ పెట్రోలును ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో పది నగరాల్లో మొదలుపెట్టినప్పుడు గుజరాత్ నుంచి ఆ జాబితాలో ఉన్నది అహ్మదాబాద్. ఆనాటి ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకు అలవాటుపడినవి. మన దేశంలో సీసానికి 2000లోనే స్వస్తి పలికారు కాబట్టి వాల్వుల కింద గట్టి లోహపు సీట్లు కొత్తగా బిగించుకోవాలి.

ఇప్పుడు వీటికి తోడు ఇథనాల్. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మామూలైపోయింది. పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలను ముందుగా మార్చుకోవాల్సి రావచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ మాట పదిహేనేళ్ల మారుతీల గురించి. అరవై ఏళ్ల కార్బ్యురేటర్‌లో ఉన్న రబ్బరు వాషర్లు, గొట్టాలు ఇథనాల్ ముందు నిలవవు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వారానికొకసారి కూడా బయటికి రాని కారు ట్యాంకు అడుగున నీళ్లు, నీళ్లతో తుప్పు. గొట్టాలన్నీ కొత్తరకం రబ్బరువి వేయించుకోవడం, నిలవ పెట్రోలు ఖాళీ చేయించడం తప్ప గత్యంతరం లేదు.

కొనే ముందు చూసుకోవాల్సింది కాగితాలు. ఈ రంగంలో నకిలీలకు కొదవలేదు. 1964, 65ల్లో జీటీఓ అదనపు హంగు మాత్రమే కనుక కారు మీది సీరియల్ నంబరు అది జీటీఓనో, మామూలు లెమాన్సో చెప్పదు. లెమాన్స్ కన్వర్టిబుల్‌కు జీటీఓ బిళ్లలు తగిలించి అమ్మేస్తారు. 2010లో పాంటియాక్ పేరే మూతపడినా పాత బిల్లుల రికార్డులు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర ఉన్నాయి. అవి తెప్పించుకోకుండా బయానా ఇస్తే చేతులు కాల్చుకున్నట్టే. మస్టాంగ్‌లో తలుపు దగ్గరి పలక మీద 76ఏ అనే గుర్తు ఉంటే అది ఫ్యాక్టరీ నుంచే కన్వర్టిబుల్. ఈ తేడా విలువ ఎంతంటే, 1971లో డజనుకు మించి తయారుకాని ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుళ్లలో ఒకటి 2014 వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. అదే కారుకు నకలు అందులో పదో వంతు కూడా పలకదు.

సూరత్‌లో ఇలాంటి కారున్నవాడికి చివరి చిక్కు డూమస్ రోడ్డే. వింటేజ్ నంబరు కారును రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో వెళ్లిరావచ్చు. పెట్రోలు పోయించుకోవచ్చు, మరమ్మతుకు తీసుకెళ్లొచ్చు. వాణిజ్య వాడకం నిషిద్ధం కాబట్టి పెళ్లిళ్లకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామన్న సూరతీ లెక్కా కుదరదు. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ టాపు దించుకుని టమాటా బజ్జీలకు వెళ్లడం నిబంధనల్లో ఎక్కడా లేదు. అధికారికంగా చూపించుకునే అవకాశం కావాలంటే నూటయాభై కిలోమీటర్ల దూరంలోని వడోదర లాంటి చోటికి పోవాలి. అక్కడి లక్ష్మీవిలాస్ ప్యాలెస్‌లో 2023 జనవరిలో జరిగిన 21 గన్ సెల్యూట్ ప్రదర్శనకు రెండు వందలకు పైగా పాత వాహనాలు వచ్చాయి.

యాభై ఏళ్ల హద్దు ఏటేటా ఒక అడుగు ముందుకు జరుగుతుంది. 2026లో దాని పరిధిలోకి వచ్చేవి 1976 మోడళ్లు. ఆ ఏడాది క్యాడిలాక్ 8.2 లీటర్ల ఇంజన్‌తో ఎల్డొరాడో కన్వర్టిబుళ్లు 14 వేలు తయారుచేసి, అమెరికాలో ఇక టాపు తెరిచే కారు రాదు, ఇదే ఆఖరిదని చాటింపు వేసింది. జనం ఎగబడి కొని గ్యారేజీల్లో దాచుకున్నారు. 1984 మోడల్‌గా అదే కంపెనీ మళ్లీ ఎల్డొరాడో కన్వర్టిబుల్ తెచ్చేసరికి మోసపోయామంటూ కోర్టుకెక్కారు. అలా దాచిన కార్లు అమెరికాలో ఇప్పటికీ పెద్దగా తిరగకుండానే అమ్మకానికి వస్తున్నాయి.